గేటు దాటిన పద్యము

మార్చి మాసాంతమున, సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, పదవ తరగతి తెలుగు పరీక్ష ముగిసి గంట మ్రోగగానే, వ్రాతఅట్టయు హాల్ టికెట్టును ఒక చేతను, ప్రశ్నపత్రమును మరియొక చేతను పట్టుకొని పరీక్షాకేంద్రము గేటు వెలుపలికి వచ్చు బాలబాలికలు, వెంటనే ఇంటిదారి పట్టక, ప్రహరీగోడ ప్రక్కనున్న వేపచెట్టు నీడకో, పరీక్షల నిమిత్తము మూయించిన జిరాక్సు దుకాణపు అరుగు మీదికో చేరి, నలుగురైదుగురు ఒకే కాగితముపైకి వంగి నిలుచుండుట తెలుగునాట ఏ మండల కేంద్రములోనైనను కానవచ్చు దృశ్యమే. లెక్కల పరీక్ష నాడు ఈ గుంపులలో మాట త్వరగా తేలిపోవును. ఇద్దరికి ఒకే జవాబు వచ్చినచో అదియే నిజమని మూడవవాడు తన నుదురు కొట్టుకొని నడచిపోవును. తెలుగు పరీక్ష నాడు, అందును పద్యము విషయమున, వ్యవహారము అంత సులభముగా ముగియదు.

"ఒరేయ్, ఆ పద్యం ఉత్పలమాలా, చంపకమాలా?"

"చంపకమాలేరా. మొదట్లో రెండు లఘువులు పడలా?"

"నేను గురువు పెట్టాను కదరా... అయితే పోయినట్టేనా?"

"పోలేదులే. ఏదీ, మళ్లీ చదువు. గట్టిగా చదువు."

ఈ సంభాషణములో కడపటి మాట నాకు మిక్కిలి ప్రియమైనది. సంవత్సరము పొడుగునను పద్యమును నోట్సులో ఎక్కించి, గైడులో వల్లించి, బిట్లుగా విరిచి మ్రింగిన పిల్లవాడు, మార్కుల కొరకే అయినను, తోటివానితో గట్టిగా చదువుమని అడుగుచున్నాడు. ఇక దిద్దువారెవ్వరును లేని ఆ చెట్టునీడలో, వ్రాసినదానిని మార్చుకొను నవకాశము దాటిపోయిన పిమ్మట, పద్యము తొలిసారిగా ఆ పిల్లల సొంతమగుచున్నదని నా విశ్వాసము. కావుననే పరీక్షానంతరమున గడచు ఆ అరగంటను గూర్చి, బడులు నడుపువారును, ప్రశ్నపత్రములు కూర్చువారును, పిల్లలను గేటు వద్ద ఎదురుచూచు తల్లిదండ్రులును కొంచెము శ్రద్ధగా ఆలోచింపవలెనని కోరుచు ఈ మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా ఆ ఛందస్సు తగవునే చూతము. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములనియు, చంపకమాలకు న జ భ జ జ జ ర గణములనియు, శార్దూలమునకు మ స జ స త త గ, మత్తేభమునకు స భ ర న మ య వ అనియు మన పిల్లలు మంత్రము వలె అప్పగింతురు. అప్పగించునప్పుడు ఈ నాలుగును నాలుగు వేర్వేరు వస్తువులుగా వారికి తోచును. కాని గణముల పేర్లు ప్రక్కకు తొలగించి గురులఘువుల వరుసను మాత్రమే ఒకదాని క్రింద నొకటి వ్రాసి చూచినచో, ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినంతనే అది చంపకమాల యగుననియు, అటుపిమ్మట పాదము తుదివరకు రెంటి నడక ఒక్కటే యనియు తెలియును. ఇరువది యక్షరముల పాదము ఇరువదియొకటి యగును. పదవ యక్షరమున నున్న యతిస్థానము పదునొకండవ దానికి జరుగును. అంతకుమించి మార్పు లేదు. శార్దూల మత్తేభములకును సరిగా ఇదే బాంధవ్యము. పందొమ్మిది ఇరువది యగును, పదుమూడవ యక్షరపు యతి పదునాల్గవ దగును.

కావున పరీక్షాశాలలో ఒక బాలిక ఉత్పలమాలకు మారుగా చంపకమాల యని వ్రాసినచో, ఆమెకు ఛందస్సు తెలియదని చెప్పుట న్యాయము కాదు. ఆమె తొట్రుపడినది మొదటి యక్షరము వద్ద మాత్రమే. చెట్టుక్రింద ఈ రహస్యము తరచుగా వారికి వారే కనిపెట్టుదురు. "ఒక్క అక్షరమే కదే తేడా, తక్కినదంతా నీకూ నాకూ ఒకటే వచ్చింది" అని ఒకతె అనగా, రెండవది రెండు గురులఘు క్రమములను ప్రశ్నపత్రము వెనుకవైపున వ్రాసి పోల్చుకొనును. అప్పకవి మొదలుకొని మన లాక్షణికులు గ్రంథముల కొలది వివరించిన వృత్తముల కుటుంబసంబంధమును, ఆ క్షణమున, ఎవరును చెప్పకయే, పదునైదేండ్ల బాలిక తన చేతివ్రాతలో కన్నులార చూచుచున్నది. దీనికి మార్కు లేదు. దీనిని చూచు పరీక్షకుడును లేడు.

మరియొక చిక్కు సంయుక్తాక్షరమునకు ముందున్న యక్షరముతో వచ్చును. సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువగునని బడిలో నేర్పుదురు. నేర్పినది నిజమే కాని, ఆ నియమము సమాసములో పాటించినంత కచ్చితముగా విడివిడి తెనుగు మాటల నడుమ పాటింపదగదు. 'పుత్రప్రేమ' అన్నచోట 'త్ర' గురువగును. 'వాని ప్రేమ' అన్నచోట 'ని' లఘువుగనే నిలుచును. కంటితో లెక్కించు పిల్లవాడు రెండుచోట్లను గురువు గుర్తు పెట్టి, గణము చెడి, పాదమంతయు తారుమారై, ఇచ్చిన పద్యమే తప్పేమోనని చెమటలు పట్టి కూర్చుండును. చెవితో లెక్కించు పిల్లకు ఈ కష్టము లేదు. నాయనమ్మ పాడగా భాగవత పద్యములు విన్నదో, ఊరిలో పౌరాణిక నాటకపు హార్మోనియము విన్నదో, ఆమె పెదవులు కదపకయే పద్యమును లోలోపల పాడుకొని, ఊనిక ఎక్కడ పడినదో అక్కడ గురువు పెట్టి ముందుకు సాగును. వెలుపలికి వచ్చిన పిదప "నీకు గణాలెలా కుదిరాయే?" అని అడిగినవారికి "పాడుకున్నాను" అని మాత్రమే ఆమె చెప్పగలదు. ఆ యొక్క మాటలో ఛందశ్శాస్త్రము యొక్క మూలమున్నది.

ఇక్కడనే నాకు మన పరీక్షపద్ధతిలోని ఒక వెలితి స్పష్టముగా గోచరించుచున్నది. పద్యము శబ్దమయము, యతిప్రాసలు కంటికి కాక చెవికి ఏర్పడిన నియమములు, గురులఘువు లనగా ఉచ్చారణకాలపు కొలతలే. అట్టి శబ్దవస్తువును మూడు గంటలపాటు పూర్ణనిశ్శబ్దములో పరీక్షించుచున్నాము. గొణిగినచో ఇన్విజిలేటరు వచ్చి బల్లమీద తట్టును. అది అతని ధర్మము, అతని ననరాదు. కాని నోరు కట్టుకొన్న పద్యము గేటు దాటగానే గొంతులోనికి ఉబికి వచ్చుట చూచినపుడు, ఏడాదిలో ఒక్కనాడైనను ఒక్కొక్క పిల్లచేత ఒక్క పద్యమును చదివించి, ఆ చదివిన తీరునకు విలువ కట్టు ఏర్పాటు ఈ ముఖ్యపరీక్షలో లేకపోయెనే యని నేను నిజముగా బాధపడుదును. రాగయుక్తముగా పాడవలసిన పని లేదు. విరుపు సరియైనచోట విరిచిన చాలును. అర్థము తెలిసినదో లేదో ఆ విరుపే చెప్పును.

ఛందస్సు నుండి తగవు వ్యాకరణమునకు మరలును. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో అచ్చుపడినది; నేటికిని చెట్టుక్రింద ఆయన సూత్రములే ప్రమాణము. యడాగమమును సంధి యందువా, కాదందువా యని ఒకరు, గసడదవాదేశమునకును సరళాదేశమునకును భేదమేమని ఇంకొకరు నిలదీసికొందురు. 'ముక్కంటి' అనుదానికి మూడు అను సంఖ్య కానవచ్చినది గదా యని ద్విగువు వ్రాసినవాడు, మూడు కన్నులు కలవాడని విడమరచి చెప్పగానే బహువ్రీహి యని గ్రహించి నాలుక కరచుకొనును. ఇవి త్వరగా తేలు తగవులు. తేలని తగవొకటి కలదు. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను.

'చరణకమలములు' అను మాటకు విగ్రహవాక్యము వ్రాయుమన్నారనుకొందము. కమలముల వంటి చరణము లని వ్రాసినవారు ఉపమాన ఉత్తరపద కర్మధారయ మందురు. చరణము లనెడి కమలము లని వ్రాసినవారు రూపకసమాస మందురు. గైడులో ఒకటి యుండును. రెండవది వ్రాసినవాడు తప్పిపోయితినని క్రుంగును. నిజమునకు మాటను వాక్యము నుండి పెరికి ఒంటరిగా నిలిపినపుడు రెండును సాధువులే. చరణకమలములకు మ్రొక్కెనని కవి యనిన, మ్రొక్కు పొందునది పాదమే కాని పూవు కాదు గనుక, పాదము ప్రధానమై ఉపమ నిలుచును. చరణకమలములు వికసించెనని యనిన, వికాసము పూవునకు చెందిన ధర్మము గనుక రూపకము బలపడును. అనగా సమాసమేదో నిర్ణయించునది ఆ వాక్యములోని క్రియ. మన ఆలంకారికులు ఇట్టి సందిగ్ధములను ఎంతో సూక్ష్మముగా విచారించిరి. చెట్టుక్రింద వాదులాడుకొను పిల్లలు, "పద్యంలో ఏమని ఉందిరా, మొత్తం చదువు" అని మూలమునకు పోయిన క్షణమున, తమకు తెలియకయే ఆ విచారణలోనే అడుగిడుచున్నారు. విడి మాటనిచ్చి ఒకే జవాబు కోరు ప్రశ్న ఈ త్రోవను మూసివేయుచున్నది. పద్యపాదముతో కూడ ప్రశ్న నిచ్చినచో, ప్రశ్నయు న్యాయమగును, పిల్లయు పద్యమును చదువును.

అన్నిటికంటె ఎక్కువసేపు సాగునది మాత్రము అభిప్రాయపు ప్రశ్నను గూర్చిన వాదము. 2015 నుండి మన పదవ తరగతి ప్రశ్నపత్రముల రూపు మారినది. అవగాహన–ప్రతిస్పందన, వ్యక్తీకరణ–సృజనాత్మకత, భాషాంశములు అను విభాగములు వచ్చినవి. ఫలానావాని ప్రవర్తనను నీవు సమర్థింతువా, ఎందుచేత? అని అడుగు ప్రశ్నలు వచ్చినవి. ఈ మార్పును నేను మనసార మెచ్చుకొందును. అయితే రెండు మూడేండ్లు గడువకమునుపే గైడులు ఆ అభిప్రాయమును కూడ అచ్చువేసి అమ్మసాగినవి. 'నా అభిప్రాయము' అను శీర్షిక క్రింద లక్షమంది ఒకే అభిప్రాయమును ఒకే వాక్యములలో వ్రాయవలసిన దురవస్థ ఏర్పడినది.

తెలంగాణ పదవ తరగతి వాచకములో చేరిన పోతన 'దానశీలము'నే ఉదాహరణముగా గొందము. వామనునకు మూడడుగుల నేల ఇత్తునని బలి మాట యిచ్చినాడు. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు గుర్తించి, మాట వెనుకకు తీసికొమ్మనియు, ప్రాణవిత్తమానభంగములు వాటిల్లు వేళ బొంకుట పాపము కాదనియు చెప్పినాడు. బలి వినలేదు. జవాబుపత్రములలో బలి మహాదాత యనియు, ఆడితప్పనివాడనియు, మనమందరము అతనివలె నుండవలెననియు ఉండును. గేటు వెలుపల వినబడునది వేరు.

"గురువు మంచికే చెప్పాడు కదరా. వినకపోవడం గొప్పేంటి?"

"మాట ఇచ్చాక తప్పితే అతను బలి ఎలా అవుతాడు?"

"అసలు ఆ రాజ్యం అతని సొంతమా? జనాన్ని అడక్కుండా ఎలా ఇచ్చేస్తాడు?"

ఈ మూడవ ప్రశ్న ఏ గైడులోను నా కంటబడలేదు. అది అడుగుటకు పద్యమును బాగుగా లోనికి తీసికొనియుండవలెను. పోతన శుక్రుని నోట పెట్టిన వాదము బలహీనమైనది కాదు. బలహీనమైనదే అయినచో దానిని త్రోసిపుచ్చిన బలికి మహత్త్వమే లేదు. కవి రెండు పక్షములకును బలమిచ్చి, మన యెదుట త్రాసు నిలిపి, తాను మాత్రము బలివైపు హృదయమును మొగ్గించినాడు. శుక్రుని పక్షమున నిలిచి వాదించిన పిల్లవాడు పోతనకు దూరమైనవాడు కాడు. పోతన పెట్టిన పరీక్షను నిజముగా వ్రాసినవాడు. అయినను ఆ మాట కాగితముపై పెట్టుటకు వానికి ధైర్యము చాలదు. "అలా రాస్తే మార్కులు వేస్తారా?" అను భయము వాని చేతిని పట్టుకొనును.

శ్రీనాథుని కాశీఖండములోని 'భిక్ష' ఘట్టము ఇటీవలి సంవత్సరములలో ఉభయ రాష్ట్రముల పిల్లలును చదివినదే. కాశిలో శిష్యసమేతుడై తిరిగిన వ్యాసునకు భిక్ష దొరకలేదు. ఆకలియు ఆగ్రహమును కలిసి ఆ పుణ్యనగరమునే శపింపబూనినాడు. అంతలో పార్వతీదేవి ఒక సామాన్య గృహిణి రూపమున వాకిట నిలిచి, మందలించి, భోజనమునకు పిలిచినది. కోపము తగదను నీతి జవాబుపత్రమున కెక్కును. కాని సంక్షేమ వసతిగృహములో ఉండి చదువు బాలుడు, ఏనాడో ఒకనాడు అన్నము చాలక సగము కడుపుతో నిద్రించినవాడు, చెట్టుక్రింద ఏమనును? "ఆకలేస్తే ఎవరికైనా కోపం రాదా? ఆయనొక్కడేనా, వెంట శిష్యులు కూడా ఉన్నారు కదా" అనును. శిష్యులు తినక తాను తినజాలని గురువు వ్యాసుడు. ఆ కోపములో సగము పరుల ఆకలికై పుట్టినది. ఈ సంగతిని ఆ బాలుడు వ్యాఖ్యానములలో చదివి చెప్పలేదు, తన కడుపుతో చదివి చెప్పినాడు. శ్రీనాథుని వంటి భోగి, అన్నము విలువ యెరిగిన కవి, ఈ మాట వినినచో సంతోషించి యుండునని నాకు తోచును.

ఇట్లు పద్యమును నలుగురిలో నిలిపి పరీక్షించుట మనకు పరాయి యాచారము కాదు. అష్టావధానములో పృచ్ఛకులు సమస్య నిత్తురు, దత్తపది నిత్తురు, నిషిద్ధాక్షరిలో అడుగడుగున అడ్డుపడుదురు. అవధాని పూరించిన పాదమును సభ చెవులారా విని, యతి కుదిరినదా, అర్థము పొసగినదా యని అక్కడికక్కడే తీర్పు చెప్పును. ఆ కళను ఊరూరికి మోసికొనిపోయిన తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితుడుగా నుండగా, ఆయన యెదుట బల్లపై కూర్చున్న బాలురలో విశ్వనాథ సత్యనారాయణ ఒకడు. పద్యము నోట నుండి నోటికి పోవు తరగతిగది ఏమి చేయగలదో చూపుట కింతకంటె నిదర్శన మక్కరలేదు. పరీక్షపత్రము భాష యొక్క భాగ్యమును నిర్ణయించిన ఘట్టమును మన చరిత్రలో కలదు. 1910వ దశకమున స్కూల్ ఫైనల్ విద్యార్థి వ్యాసమును గ్రాంథికములో వ్రాయవలెనా, వ్యావహారికములో వ్రాయవచ్చునా అను ప్రశ్నపైననే గిడుగు రామమూర్తి, జయంతి రామయ్య పంతులు మొదలైన పెద్దలు హోరాహోరిగా పోరాడిరి. పిల్లల జవాబుపత్రము చిన్న వస్తువని వారెవ్వరును తలంపలేదు.

ఇంకొక సంగతి నా మనస్సును ఎక్కువగా కలచుచున్నది. పదవ తరగతి దాటి ఇంటర్మీడియట్‌లో చేరునప్పుడు, మార్కులు సులభముగా వచ్చునను తలంపుతో ద్వితీయభాషగా సంస్కృతమును కోరుకొను పిల్లలు మన పట్టణములలో ఎందరో యున్నారు. సంస్కృతముపై ప్రీతితో పోవువారిని నేనేమియు ననను. కాని అధికసంఖ్యాకులు అక్షరములు గట్టెక్కు మేరకు మాత్రమే దానిని చదివి, ఆపైన ఇంజనీరింగునకో వైద్యమునకో పోయి, ఏ భాషా కవిత్వముతోను మరల ముఖాముఖి కారు. అట్టి పిల్లలకు పదవ తరగతి తెలుగు పరీక్ష ముగిసిన ఆ అరగంటయే తెలుగు పద్యమును గూర్చి జీవితములో చివరిసారిగా తోటివారితో వాదించు సమయము. తెలంగాణ ప్రభుత్వము 2018లో చట్టము చేసి అన్ని పాఠశాలలలోను పదవ తరగతి వరకు తెలుగు బోధనను నిర్బంధము చేయుట మంచిదే. పదవ తరగతి తరువాత ఏమగుననునదే నా చింత. 2021లో కోవిడ్ మహమ్మారి కారణమున ఉభయ రాష్ట్రములలోను పరీక్షలు రద్దయి, పదవ తరగతి పిల్లలందరును పరీక్ష లేకయే ఉత్తీర్ణులైరి. మార్కులు ఏదో ఒక లెక్కన వారికి వచ్చినవి. చెట్టుక్రింద ఆ వాదము మాత్రము వారికి రాలేదు. ఇంటిలో ఒంటరిగా ఫోను తెరలో పాఠము విని, ఒంటరిగానే బడి విడిచిన ఆ తరమునకు మనము ఋణపడి యున్నాము.

చేయవలసినది కష్టమైనది కాదు. పబ్లిక్ పరీక్షాపత్రము పిల్లల చేతికి తిరిగి రాదు; అది స్పాట్ వాల్యుయేషను కేంద్రమునకు కట్టలుగా పోయి, రోజుకు ఇన్ని పత్రములను లెక్కన దిద్దబడును. అక్కడి ఉపాధ్యాయుల శ్రమ నేనెరుగుదును. శుక్రుని పక్షమున వ్రాసిన జవాబును ఆగి చదువు తీరిక వారికి చిక్కుట దుర్లభము. అయినను దిద్దుటకు ముందు వారికిచ్చు సూచనలలో, కారణము చూపిన అభిప్రాయము ఏ పక్షముదైనను పూర్ణార్హమైనదని ఒక్క వాక్యము స్పష్టముగా నుండి, ఆ వాక్యము పిల్లలకును ముందుగా తెలిసియుండవలెను. ఇక అర్ధసంవత్సర పరీక్షలు బడిలోనే దిద్దబడును గదా. పత్రములు పంచిపెట్టి మార్కుల రిజిస్టరు నింపుటతో ఆ పీరియడును ముగింపక, "గేటు బయట ఏం కొట్లాడుకున్నారో ఇక్కడ చెప్పండి" అని తెలుగు మాస్టారో, టీచరమ్మో అడిగిన చాలును. మొదటి ఐదు నిముషములు ఎవరును నోరు విప్పరు. పిదప ఎవడో ఒకడు, మొదటి యక్షరము గురువా లఘువా యని మొదలుపెట్టును.

అన్నిటికంటె తేలిక యైన మార్గ మింకొకటి. జూన్‌లో బడులు తెరచిన మొదటి వారమున, క్రొత్తగా పదవ తరగతిలో కూర్చున్న పిల్లలకు గత మార్చినాటి ప్రశ్నపత్రములోని పద్యమును, గణవిభజన చేయుమని కాక, గట్టిగా చదువుమని ఇచ్చి, బలి చేసినది సరియేనా యని అడిగి, జవాబు చెప్పిన ప్రతి పిల్లను మరల ఎందుచేత యని అడుగవలెను. ఆ పీరియడులో గైడు సంచిలోనే యుండవలెను.